మాదాపూర్‌లో 28 మందికి కోవర్కింగ్: హెచ్‌ఆర్ పని ఎంత తగ్గుతుంది?

ప్రశ్న:
మా కంపెనీ బెంగళూరులో ఉంది. మాదాపూర్‌లో కోవర్కింగ్ స్థలంలో (ఒక ఆపరేటర్ నడిపే, వేరే కంపెనీలతో పంచుకునే అద్దె ఆఫీసు) 28 మందితో టీమ్ మొదలవుతోంది, ఆరు నెలల్లో 45 అవ్వొచ్చు. ఇక్కడ హెచ్‌ఆర్‌కి ఒక్కరే ఉంటారు. సీటు రేటు ఫైనాన్స్ వాళ్లు చూసుకుంటారు. హెచ్‌ఆర్ వైపు ఏం కలిసొస్తుంది? అగ్రిమెంటులో ముందే ఏం రాయించుకోవాలి?

జవాబు 1 (రిక్రూట్‌మెంట్):
కలిసొచ్చేదంతా సీట్ల దగ్గరేనండీ. ఆఫర్ తీసుకున్నవాళ్లంతా చేరరు; 60, 90 రోజుల నోటీసు పీరియడ్‌లో సగం మంది మనసు మార్చుకున్నా ఆశ్చర్యం లేదు. సొంత లీజైతే 45 సీట్లకీ మొదటి రోజు నుంచే అద్దె కట్టాలి. కోవర్కింగ్‌లో 30 తీసుకుని, అదే ఫ్లోర్‌లో ఇంకో 15 ఖాళీ అయితే ముందు మిమ్మల్నే అడగాలని రాయించండి. ఆ మాట లేకపోతే పక్క క్యాబిన్ వేరేవాళ్లకు పోయి, మీ టీమ్ రెండు ఫ్లోర్లకు చీలిపోతుంది. లాక్-ఇన్ (ఇన్ని నెలలు వదలకూడదనే షరతు) మొదటి 30కే ఉండాలి, తర్వాత పెంచినవాటికి వద్దు.

మీటింగ్ రూమ్ గంటలు లెక్కేసుకోండి. నెలకు 5 పోస్టులు, పోస్టుకు నలుగురు, రెండేసి రౌండ్ల ఇంటర్వ్యూలు, రౌండుకు గంట అంటే 40 గంటలు. ప్యాకేజీలో అన్ని రాకపోవచ్చు. మొదటి రౌండు వీడియోలో పెడితే సగం మిగులుతాయి.

జవాబు 2 (పేరోల్, కంప్లయన్స్):
హౌస్‌కీపింగ్, ఇంటర్నెట్, రిసెప్షన్ ఆపరేటర్‌వి. చట్టపరమైన బాధ్యత మాత్రం మీదే. తెలంగాణ షాప్స్ చట్టం (దుకాణాలు, ఆఫీసులకు వర్తించేది) కింద మీ కంపెనీ పేరునే రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆపరేటర్ లైసెన్స్ మీకు పనికిరాదు. దానికి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), అగ్రిమెంటు కాపీ, కరెంటు బిల్లు ఎన్ని రోజుల్లో ఇస్తారో రాయించండి. అప్లికేషన్లు ఆగేది ఎక్కువగా వీటి దగ్గరే.

ప్రొఫెషనల్ ట్యాక్స్‌లో (జీతంలోంచి కోసి రాష్ట్రానికి కట్టే పన్ను) బెంగళూరు స్లాబు అలాగే వదిలేయడం మామూలుగా జరిగే తప్పు. 22,000 జీతానికి అక్కడ కోత లేదు, ఇక్కడ నెలకు 200.

పోష్ కమిటీ (ఆఫీసులో లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినేది) కూడా హైదరాబాద్ ఆఫీసుకు వేరుగా వేయాలి; బెంగళూరు కమిటీ చాలదు. ఇక్కడ ఒక చిక్కుంది. ఫిర్యాదుకు చట్టం ఇచ్చే గడువు 3 నెలలు, సీసీటీవీ ఫుటేజీ చాలాచోట్ల నెల దాటితే చెరిగిపోతుంది. కారిడార్, పాంట్రీ కెమెరాలు ఆపరేటర్ చేతిలో ఉంటాయి. కనీసం 90 రోజులు ఉంచాలని, రాతపూర్వకంగా అడిగితే ఆ భాగం దాచిపెట్టాలని షరతు పెట్టండి. దీన్ని మాత్రం వదలకండి, ఒకమ్మాయికి న్యాయం జరగడం ఆ ఫుటేజీ మీదే ఆధారపడొచ్చు.

ప్రశ్న అడిగినవారు:
ఫుటేజీ సంగతి తట్టనే లేదు, థాంక్సండీ. జీతాల మాటలు, రాజీనామా మాటలు ఎక్కడ మాట్లాడాలి?

జవాబు 3 (ఆఫీస్ అడ్మిన్):
ఫోన్ బూత్‌లో (ఒక్కరు కాల్ మాట్లాడుకునే చిన్న గది) వద్దు. తలుపు కింద సందుంటే మాట బయటికి వస్తుంది. సంతకం చేసేముందే ఒకర్ని గదిలో మామూలు గొంతుతో మాట్లాడమని, మీరు బయట నిలబడి వినండి. గాజు గదైతే కంటి ఎత్తున ఫ్రాస్టెడ్ ఫిల్మ్ (లోపల కనబడకుండా చేసే మసక పొర) వేయించమనండి. ఏడుస్తున్న మనిషి ఫ్లోరంతటికీ కనబడకూడదు.

ఆఫర్ లెటర్లు షేర్డ్ ప్రింటర్‌కి పంపితే పిన్ కొట్టాకే కాగితం వచ్చేలా పెట్టించండి. హాజరుకు యాక్సెస్ కార్డు లాగ్‌నే నమ్మొద్దు, ఒకరు తలుపు తెరిస్తే వెనక ముగ్గురు వెళ్తారు. లాగిన్ మీ సాఫ్ట్‌వేర్‌లోనే పెట్టుకుని, కార్డు లాగ్‌ని సరిచూసుకోవడానికి నెలనెలా తెప్పించుకోండి.

రాత్రి షిఫ్టు ఉంటే ఏసీ ఎన్నింటిదాకానో అడగండి. ఆ తర్వాత గంటల లెక్కన బిల్లు వేయొచ్చు.