టైమింగ్ చెయిన్ సాగిందా, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ పోయిందా?

మా పాత స్పోర్ట్స్ కారులో చెక్ ఇంజన్ లైట్ వెలిగింది. స్కానర్‌లో పి0016 కోడ్, అంటే టైమింగ్ చెయిన్ కలిపి ఉంచే క్రాంక్ (పిస్టన్లు తిప్పే షాఫ్ట్), క్యామ్ (వాల్వులు తెరిచే షాఫ్ట్) సిగ్నళ్లు ఒకదానికొకటి కలవడం లేదు. పొద్దున్నే స్టార్ట్ చేయగానే 3 సెకన్లు గొలుసు ఊపినట్టు గలగల, ఆయిల్ ప్రెషర్ రాగానే మాయం. ఆయిల్ మార్చాను. క్యామ్ సెన్సర్ కొత్తది వేశాను (తొందరపడ్డాను లెండి). వీవీటీ సోలినాయిడ్ (క్యామ్ టైమింగ్ మార్చడానికి ఆయిల్‌ను అదుపు చేసేది) విప్పితే దాని చిన్న జల్లెడ నిండా నల్లటి మడ్డి, కడిగి బిగించాను. అయినా కోడ్ మళ్లీ వచ్చింది.

టైమింగ్ కవర్ విప్పకుండా చెయిన్ సంగతి తేల్చుకోవచ్చా? వాల్వ్ కవర్ మాత్రం తీసి, క్రాంక్‌ను చేత్తో 2 చుట్లు తిప్పి, ఒకటో సిలిండర్‌ను టీడీసీకి (పిస్టన్ పూర్తిగా పైకొచ్చే చోటికి) తెచ్చి క్యామ్ గుర్తులు చూస్తే సరిపోతుందా? చెయిన్ ఇంకా జారితే వాల్వులు పిస్టన్లకు తగులుతాయేమోనని టెన్షన్‌గా ఉంది. ఇంట్లో ఈ పని చేసినవాళ్లు ఎవరైనా చెప్పండి. అప్పటిదాకా బండి తీయను.