భర్త కొట్టేవాడు, బాబు ఆయన దగ్గరే ఉండిపోయాడు. కస్టడీ ఎలా అడగాలి?

ఖమ్మం_ఆడపడుచు:
నమస్కారం అండి. మాది ఖమ్మం, అత్తవారిది తెనాలి. బాబుకి ఎనిమిదేళ్లు, పాపకి మూడు నిండాయి. మా ఆయన చేయి చేసుకోవడం పెళ్లయిన కొత్తలోనే మొదలైంది. మొన్న సంక్రాంతి వెళ్లాక ఒక రాత్రి గోడకేసి నెడితే మణికట్టు విరిగింది. బాబు అడ్డం వస్తే వాణ్నీ తోసేశాడు. ఆసుపత్రిలో నేను నోరు తెరిచేలోపే మా అత్తగారు "బాత్రూంలో జారిపడింది" అని చెప్పేసింది. చీటీలో అదే రాశారు.

బాబు స్కూల్లో ఉండగా పాపని ఎత్తుకుని పుట్టింటికి వచ్చేశాను. తర్వాత పెద్దమనుషులు కూర్చుని, పాప నా దగ్గర, బాబు వాళ్ల దగ్గర అని వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాయించి అందరితో సంతకాలు పెట్టించారు. ఇప్పుడు వాడితో ఫోన్లో కూడా మాట్లాడనివ్వడం లేదు. "ఐదేళ్లు దాటితే పిల్లాడు తండ్రికే అని చట్టంలో ఉంది, ఇల్లు వదిలిపోయింది నువ్వు, నీకు ఉద్యోగం కూడా లేదు" అంటున్నాడు. నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను.

కేసు తెనాలిలోనే వేయాలా? ఆయన కొట్టిన సంగతి కస్టడీకి పనికొస్తుందా, లేక అది వేరు, ఇది వేరా?

గుంటూరు_కుర్రాడు:
498ఎ, అంటే భార్యని హింసించే భర్త మీద పెట్టే క్రిమినల్ కేసు, పెట్టండి అక్కా. లోపలేస్తే బాబుని వాళ్లే తెచ్చి దింపుతారు.

పాత_బెంచి_క్లర్క్:
పై సలహా పక్కన పెట్టమ్మా. మేజిస్ట్రేట్ కోర్టులో బెంచి క్లర్క్‌గా చేసి రిటైరైనవాణ్ని, చూసింది చెబుతాను. ఆ సెక్షన్ 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలో 85 అయింది. పెట్టాలనుకుంటే పెట్టు, నీ హక్కు. కానీ ఫిర్యాదు ఇవ్వగానే అరెస్టు చేసే రోజులు 2014లో సుప్రీంకోర్టు ఇచ్చిన అర్నేష్ కుమార్ తీర్పుతో పోయాయి. పైగా ఆ కేసు వినే జడ్జి బాబు ఎవరి దగ్గరుండాలో తేల్చడు.

నీకు కావలసింది డి.వి.సి., అంటే 2005 నాటి గృహహింస చట్టం కింద వేసే కేసు. అది ఖమ్మంలోనే వేయచ్చు. బాధితురాలు తాత్కాలికంగా ఉంటున్న చోటైనా చాలని 27వ సెక్షన్ చెబుతుంది. ఆర్డరు తెలంగాణలో వచ్చినా ఆంధ్రలో చెల్లుతుంది. అందులోనే 21వ సెక్షన్ కింద బాబు తాత్కాలిక కస్టడీ అడుగు, పాప నీ దగ్గరే ఉండాలని కూడా అడుగు. కేసు తేలేదాకా ఆగక్కర్లేదు, 23 కింద మధ్యంతర ఉత్తర్వు అడగచ్చు. తండ్రి వచ్చి చూడటం బిడ్డకి హాని అనిపిస్తే మేజిస్ట్రేట్ దాన్నీ ఆపాలి. మొదటి వాయిదా నుంచి అరవై రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం అంటుంది. మా కోర్టులో అలా తేలిన కేసు నాకైతే గుర్తు లేదు. అందుకే మధ్యంతరం మీద గట్టిగా పట్టుబట్టమనేది.

శాశ్వత కస్టడీ వేరే సంగతి. అది 1890 నాటి గార్డియన్స్ చట్టం కింద వేసే జి.డబ్ల్యు.ఓ.పి. బాబు మామూలుగా ఎక్కడుంటాడో అక్కడి కోర్టులో, అంటే తెనాలి వైపే.

ఇక ఐదేళ్ల మాట. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 6వ సెక్షన్‌లో ఉన్నది ఐదు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గరుండాలని. ఆ తర్వాత తండ్రికి ఇచ్చేయాలని ఎక్కడా లేదు. అదే చట్టం 13వ సెక్షన్ బిడ్డ మేలే అన్నిటికన్నా ముఖ్యం అంటుంది. స్టాంపు కాగితం జడ్జి చేతులు కట్టేయలేదు, కానీ నువ్వు దాచావంటే అవతలి వకీలు బయటికి తీస్తాడు. ఏ పరిస్థితిలో సంతకం పెట్టావో నువ్వే ముందు రాయించు.

నీ అసలు ప్రశ్నకి వస్తా. భార్యని కొట్టినవాడికి బిడ్డని ఇవ్వకూడదని మన చట్టంలో సూటి నిబంధన లేదు. "భర్తగా చెడ్డవాడే, తండ్రిగా ఏం చెడ్డవాడు?" అనే వాదన నేను బెంచి కింద కూర్చుని ఎన్నిసార్లు విన్నానో! దానికి జవాబు నీ అఫిడవిట్‌లో ఉండాలి. నీ మణికట్టు గురించి ఒక పేరా రాస్తే బాబు గురించి రెండు రాయించు. వాడు ఏం చూశాడు, వాణ్ని ఎలా తోశాడు, ఆ తర్వాత నిద్రలో ఉలిక్కిపడ్డాడా, స్కూల్లో టీచరు ఏమైనా గమనించిందా. "నిత్యం వేధించేవాడు" లాంటి వాక్యం ప్రతి డి.వి.సి.లోనూ ఉంటుంది, ఎవరూ ఆగి చదవరు. ఏ పండక్కి, ఏ గదిలో, ఎవరి ముందు అని ఉంటే ఆగుతారు. ఆసుపత్రి చీటీకి భయపడకు. జారిపడ్డావని డాక్టరుతో చెప్పింది ఎవరో రాయి, ఎక్స్-రే జతచెయ్యి.

లాయరు ఫీజు టెన్షన్ వద్దు. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది, 15100కి ఫోన్ చెయ్యి. హింసకి గురైన ఆడవాళ్లకి సాయం చేసే ప్రభుత్వ కేంద్రం, ఖమ్మం సఖి కేంద్రానికి వెళ్తే, గృహహింస చట్టం కింద నియమించిన ప్రొటెక్షన్ ఆఫీసరు దగ్గర రిపోర్టు రాయించడంలో సాయపడతారు. సంపాదన లేదన్నది కస్టడీకి అడ్డు కాదు. పోషణ ఖర్చు ఆయన్నే అడుగు, అదే డి.వి.సి.లో 20వ సెక్షన్ ఉంది.

ఇద్దరమ్మాయిల_అమ్మ:
అక్కా, నాదీ ఇలాంటి కేసే. క్లర్క్ గారు చెప్పనిది ఒకటుంది. జడ్జి గారు మా పెద్దదాన్ని ఛాంబర్‌లోకి పిలిచి ఒంటరిగా మాట్లాడారు. మా వదిన దానికి ముందే పాఠం నేర్పబోతే నేను ఒప్పుకోలేదు. పెద్దవాళ్లు నేర్పి పంపిన మాటలు పిల్లల నోట ఇట్టే దొరికిపోతాయట, మా లాయరమ్మ చెప్పింది. ఫోన్ సంగతి కూడా ఇప్పుడే అడుగు. 2020లో యశితా సాహు కేసులో సుప్రీంకోర్టు, దూరంగా ఉన్న తల్లికో తండ్రికో బిడ్డతో వీడియో కాల్‌లో మాట్లాడే వీలుండాలని చెప్పింది. మాకు ఏ రోజు, ఎన్ని గంటలకి అని ఆర్డర్లో రాశారు. అలా రాయకపోతే "బిడ్డ నిద్రపోయింది" అని రోజూ అంటారు.

ఖమ్మం_ఆడపడుచు:
చాలా థాంక్స్ అండి. మా తమ్ముడు స్కూల్ దగ్గరికే వెళ్లి బాబుని తెచ్చేద్దాం అంటున్నాడు. తల్లిని కదా, తప్పేముంది?

పాత_బెంచి_క్లర్క్:
వద్దమ్మా. స్కూలు గేటు దగ్గర లాగులాట జరిగితే బాబు ఇంకోసారి బెదిరిపోతాడు, ఆయన లాయరుకి కౌంటర్‌లో, అంటే నీ కేసుకి వేసే జవాబులో, రాసుకోవడానికి మంచి పేరా దొరుకుతుంది. తమ్ముడికి వేరే పని చెప్పు. ఆ రాత్రి నిన్ను ఆసుపత్రికి తెచ్చిన ఆటో అబ్బాయినీ, పక్కింటివాళ్లనీ కలిసి, సాక్ష్యం చెబుతారేమో అడగమను. తల్లిగా బాబు ప్రోగ్రెస్ కార్డూ హాజరూ కావాలని స్కూలుకి నువ్వే ఒక ఉత్తరం రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపు, రసీదు దాచు. సోమవారం సఖికి వెళ్లేటప్పుడు పిల్లలిద్దరి బర్త్ సర్టిఫికెట్లు, ఎక్స్-రే, స్టాంపు కాగితం జిరాక్సు పట్టుకెళ్లు. ఒరిజినళ్లు ఎవరి చేతికీ ఇవ్వకు.