కాకినాడ నుంచి తెరచాప యాట్‌లో ఒక రోజు: నాన్నగారితో ఎటు వెళ్తే బాగుంటుంది?

అమలాపురం వాసి:
అందరికీ నమస్కారం. మా బావగారి స్నేహితుడు ఒకాయన తన ముప్ఫై రెండు అడుగుల తెరచాప యాట్‌ను చెన్నై నుంచి విశాఖపట్నం తీసుకువెళ్తూ ఫిబ్రవరిలో కాకినాడలో కొన్నాళ్లు ఆగుతున్నారు. ఒక రోజు మమ్మల్ని సముద్రం మీద తిప్పుతానన్నారు. మా నాన్నగారికి డెబ్బై ఆరేళ్లు. వయసులో ఉండగా కాలువల మీద ధాన్యం, పెంకులు మోసే తెరచాప పడవల్లో పనిచేశారు. గాలి పడిపోయిన రోజున గట్టు మీద నడుస్తూ తాడు భుజాన వేసుకుని పడవను లాగిన మనిషి. ఇంజను చప్పుడు లేకుండా మళ్లీ ఒక్కసారి నీటి మీద వెళ్లాలని ఆయన కోరిక. హోప్ ఐలాండ్ చుట్టి, భైరవపాలెం దగ్గర గౌతమిలోకి ప్రవేశించి, యానాం చూసుకుని సాయంత్రానికి తిరిగి రావచ్చా? పటంలో దగ్గరగానే కనిపిస్తోంది.

తాళ్లరేవు సరంగు:
యానాం ఆలోచన మానుకోండి. ఇబ్బంది దూరంతో కాదు, లోతుతో. ఆ సైజు యాట్‌కు అడుగున కీల్, అంటే నిలువుగా కిందికి దిగిన బరువైన రెక్క, ఉంటుంది. అది నీటి కింద ఒకటిన్నర నుంచి రెండు మీటర్ల దాకా దిగి ఉంటుంది. గౌతమి మొగ దగ్గర, అంటే నది సముద్రంలో కలిసే చోట, ఇసుక మేటలు వరద వచ్చినప్పుడల్లా చోటు మారతాయి, నిరుడు నడిచిన దారి ఈ ఏడు ఉండకపోవచ్చు. మన నావలకు అడుగు చదును కాబట్టి మేట తగిలినా దాటిపోతాయి. కీల్ ఉన్న పడవ దిగబడితే మాత్రం, పాటుకు నీరు తీసేకొద్దీ పక్కకు ఒరిగిపోతుంది. పైగా మొగలో అలలు విరిగేది సరిగ్గా ఆ మేటల మీదే.

కాకినాడ అఖాతంలో దక్షిణపు సగం కూడా అంతే. గోదావరి పాయలు తెచ్చి పోసే బురదతో అది ఏటికేడు పూడుతోంది. రంగూన్‌కు తెరచాప ఓడలు పంపిన కోరంగి రేవు 1789, 1839 తుపానులకు దెబ్బతిన్నది, మిగిలినదాన్ని పూడిక తినేసింది. ఆ ఊళ్ల పక్కన పుట్టినవాడిగా చెబుతున్నాను, అక్కడికి కీల్ పడవ తీసుకెళ్లకండి. మడ అడవులు చూడాలంటే మరో రోజు కోరంగి అభయారణ్యం దగ్గర చిన్న పడవ ఎక్కించండి.

మీకు కావలసిన రోజు ఉత్తరాన ఉంది. తెల్లవారుజామున బయలుదేరండి. రాత్రంతా నేల చల్లబడి ఉంటుంది కాబట్టి గాలి గట్టు నుంచి సముద్రం మీదికి వీస్తుంది. హోప్ ఐలాండ్ ఉత్తరపు కొస దాటాక ఉప్పాడ వైపు తీరం వెంట సాగితే ఆ గాలి మీకు పక్క నుంచి తగులుతుంది. తెరచాపకు పక్కగాలిని మించిన సుఖం లేదు. పడవ ఊగదు, ఒక్క వైపుకు కాస్త ఒరిగి నిలకడగా పోతుంది. గట్టు మీది నుంచి వచ్చే గాలి కాబట్టి తీరం దగ్గర అల కూడా లేవదు. ఐదు నాట్ల వేగం అందితే గంటకు తొమ్మిది కిలోమీటర్లు దాటుతారు. ఉప్పాడ దగ్గర సముద్రం కోసేసిన ఒడ్డు, రాళ్ల కట్ట నీటి మీది నుంచి చూస్తే గానీ ఎంత పోయిందో అర్థం కాదు.

పదీ పదకొండు గంటల మధ్య గాలి చచ్చిపోతుంది. అందరూ ఇంజను వేసేది అప్పుడే. దయచేసి వేయకండి. నేల వేడెక్కి, సముద్రపు గాలి పుట్టేదాకా ఒక గంటో గంటన్నరో పడుతుంది. అన్నం తినాల్సింది అప్పుడే, నాన్నగారు మాట్లాడాల్సిందీ అప్పుడే. దూరాన నీటి రంగు ముదురుతూ మీ వైపు వస్తుంటే గాలి వస్తోందన్నమాట. ఆయన మీకంటే ముందే పట్టేస్తారు, చూడండి. ఆ గాలి సముద్రం వైపు నుంచి వస్తుంది కాబట్టి తిరుగు ప్రయాణంలోనూ మీకు పక్కగాలే. అయితే ఇప్పుడది పడవను ఒడ్డు మీదికి నెడుతుంది. ఉదయం కంటే బాగా దూరంగా ఉండండి.

దక్షిణంగా హోప్ ఐలాండ్ బయటి వైపు వెళ్లాలనిపిస్తే కొద్ది దూరమే వెళ్లండి. ఫిబ్రవరిలో ఆ ఇసుక మీద ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి. దిగాలంటే ముందు అటవీ శాఖను అడగండి. ఇంకా కిందికి, ఓడలరేవు వైపు చమురు, గ్యాసు వేదికలు ఉన్నాయి. వాటికి 500 మీటర్ల లోపు ఎవరూ వెళ్లకూడదు.

హుస్సేన్ సాగర్ సెయిలర్:
సరంగు గారు గాలి గురించి అంతా చెప్పారు, నేను పడవ లోపలి సంగతి చెబుతాను. నాన్నగారిని గాలి వచ్చే వైపు, అంటే పైకి లేచిన వైపు, వెనక కూర్చోబెట్టండి. పడవ మలుపు తిప్పేటప్పుడు తెరచాప కింద ఉండే అడ్డకొయ్య తల ఎత్తులో ఈ పక్క నుంచి ఆ పక్కకు విసురుగా వస్తుంది. ఆయన అలవాటుగా లేచి తాడు అందుకోబోతారు, ముందే చెప్పి ఉంచండి. అందరికీ లైఫ్ జాకెట్ ఉండాలి, ఈత వచ్చినవాళ్లకు కూడా. పొద్దున్నే పెసరట్టు ఉప్మాలు వద్దు. ఇడ్లీ, అల్లం చాలు. కడుపులో తిప్పితే లోపలికి వెళ్లి పడుకోకుండా పైనే ఉండి దిగంతం వైపు చూడమనండి.

ఇంకొక మాట. మన నౌకాదళం తారిణి అనే యాట్‌లో 2017 సెప్టెంబరులో గోవా నుంచి బయలుదేరి, 2018 మే నెలలో ప్రపంచం చుట్టి వచ్చిన ఆరుగురు మహిళల్లో విశాఖపట్నం అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. ఆ పడవ యాభై ఐదు అడుగులది. నాన్నగారికి చెప్పండి, తప్పకుండా సంతోషిస్తారు.

అమలాపురం వాసి:
ఇద్దరికీ ఎంతో కృతజ్ఞతలు. సరంగు గారి జవాబు నాన్నగారికి చదివి వినిపించాను. ఆయన అడిగినవి రెండు. చుక్కాని కాసేపు తన చేతికి ఇస్తారా? ఎదురుగాలి వస్తే ఈ పడవ ఏం చేస్తుంది?

తాళ్లరేవు సరంగు:
పక్కగాలిలో ఉన్నప్పుడు నిస్సంకోచంగా ఇమ్మనండి. చుక్కాని మరిచిపోయే విద్య కాదు. కాలువ పడవకు వెనక నుంచి వచ్చే గాలే ఆధారం, ఎదురుగాలికి తెరచాప దించి తాడు భుజాన వేసుకోవలసిందే. యాట్ అలా కాదు. గాలికి సుమారు 45 డిగ్రీలు ఏటవాలుగా ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు పోతూ ఎదురుగాలిలోకే ఎక్కుతుంది. గాలి పక్కకు తోసేస్తుంటే కొట్టుకుపోకుండా పట్టి ఉంచేది నేను వద్దన్న ఆ కీలే. యజమాని గారిని అడిగి ఒక అరగంట అది కూడా చూపించండి.

వలల సంగతి మరవకండి. వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, ఫిబ్రవరిలో సముద్రం నిండా పడవలే. ఒకరు ముందు నిలబడి తేలుడు బెండ్లు, జెండాలు చూస్తుండాలి. వల తెగితే నష్టం ఆ కుటుంబానిది. రేవు దాటేదాకా ఇంజను తప్పదు, ఓడలకూ బార్జీలకూ దారి వదలాలి. ముందు రోజు సాయంత్రం వాతావరణ హెచ్చరిక చూసి, ఎవరెవరు వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగివస్తారో పోర్టు కార్యాలయంలోనూ మెరైన్ పోలీసులకూ చెప్పి వెళ్లండి. కోస్ట్ గార్డ్ నంబరు 1554 అందరి ఫోన్లలో ఉండాలి.

రోజు ఎంచుకునే వీలుంటే అమావాస్య, పౌర్ణమి దగ్గర వద్దు. అష్టమి, నవమి తిథుల్లో పోటుపాట్ల లాగుడు తక్కువ, రేవు ముఖద్వారంలో తేలికగా ఉంటుంది. యాట్ వచ్చే తేదీలు చెబితే ఏ రోజు మంచిదో చూసి చెబుతాను.