రోఐడీని ‘జాగ’ అంటే కుదురుతదా?

నల్లగొండల పిల్లల కోసం డేటాబేస్ పాఠాలు తెలుగుల రాస్తున్న. రోఐడీ అంటే టేబుల్‌ల ఒక్కో వరుసకు (రోకు) డేటాబేస్ తనంతట తానే పెట్టుకునే లోపలి గుర్తు. దానికి మొదట ‘వరుస గుర్తింపు సంఖ్య’ అని రాసిన. నిన్న కొట్టేసి ‘జాగ’ అని పెట్టిన. ఎందుకో చెప్త, మీ మాట కూడా చెప్పండి.

పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌ల ప్రతి వరుసకు రోఐడీ లాంటిదే సీటీఐడీ అని లోపలి నంబరుంటది. (0,5) అంటే సున్నా నంబరు పేజీల (ఫైలుల ఒక ముక్కల) అయిదో జాగ. అది చేతిల ఉంటే ఇండెక్స్ (వెతుకుడు పట్టిక) కూడా అక్కర లేదు, సీదా పోయి వరుసను పట్టుకొస్తది. కానీ ఆ వరుసను అప్‌డేట్ చేస్తే కొత్త ప్రతిని ఇంకో జాగల రాస్తది. (0,5) పోయి (0,9) అయితది. ఇది తెలువక ఒకప్పుడు ఎరువుల దుకాణం లెక్కల్ల సీటీఐడీలను వేరే టేబుల్‌ల దాచిపెట్టిన. నెల తర్వాత వాటితోని వెతికితే కొన్ని వరుసలు దొరకనే లేదు. పాత ప్రతులను ఊడ్చే వాక్యూమ్ అనే పని ఖాళీ చేసిన జాగలల్ల కొత్త వరుసలు వచ్చి కూసున్నయి. ఒక రైతు బాకీ అడిగితే ఇంకో రైతుది చూపెట్టింది. ఆయన ముందల నిలబడి చదివిన, చానా బాధయింది.

గుర్తింపు మనిషి ఎంట వస్తది. జాగ రాదు. దేవరకొండ బస్సుల కిటికీల నుంచి దస్తీ ఏసి ‘జాగ ఆపిన’ అంటం గదా, ఆ జాగ. లేస్తే ఇంకొకరిది.

మిర్యాలగూడ నుంచి ఒక జవాబు: అన్నా, జాగ అంటే ఇంటి ప్లాటు అనుకుంటరేమో. ‘ఆచూకీ’ ఎట్లుంటది? ఒరాకిల్ అనే ఇంకో డేటాబేస్ రోఐడీల 18 అక్షరాలుంటయి. 6 ఏ ఆబ్జెక్టో (టేబుల్ లాంటిది), 3 ఏ ఫైలో, 6 ఏ బ్లాకో (పేజీ లాంటిదే), 3 ఆ బ్లాకుల ఏ వరుసో చెప్తయి.

ఆచూకీ తప్పిపోయినోళ్లకు అంటం తమ్మీ. అండ్ల వెతుకుడు ఉంది. ఈడ వెతుకుడే లేదు. నువ్వు చెప్పిన 18 అక్షరాలు కూడా ఏ జాగనో చెప్పేటియే.

పాలమూరు నుంచి ఇంకో జవాబు: ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌ల మీ మాట నిలవదు అన్నా. ఆడ రోఐడీ ఉత్త అంకె, పేజీ నంబరు కాదు. అప్‌డేట్ చేసినా మారదు. ఇంటిజర్ ప్రైమరీ కీ (ఒక్కో వరుసకు వేరే అంకె ఉండే కాలమ్) పెట్టుకుంటే ఆ కాలమే రోఐడీ, వాక్యూమ్ చేసినా అట్లనే ఉంటది. పెట్టుకోకపోతేనే వాక్యూమ్‌ల మారొచ్చు.

నిజమే అక్కా, ఇది నాకు తట్టలేదు. ఆ పాఠంల ‘వరుస నంబరు’ అని మారుస్త. పోస్ట్‌గ్రెస్‌కు, ఒరాకిల్‌కు మాత్రం జాగనే ఉంచుత.