ఆమెన్ అన్న పావుగంటకే మళ్ళీ టెన్షన్. ఏం చేయాలి?

అందరికీ వందనాలు. మాది సికింద్రాబాద్. నాలుగు నెలలుగా ప్రార్థనలో ఉన్నంతసేపు మనసు నెమ్మదిగానే ఉంటోంది. ఆమెన్ అన్న పావుగంటకే గుండెదడ మొదలవుతోంది. రాత్రి రెండున్నర, మూడు మధ్య మెలకువ వస్తే ఇక నిద్ర పట్టదు. డాక్టరుకు చూపించాను. ఈసీజీ, థైరాయిడ్ రెండూ నార్మల్.

రోజూ ఐదింటికి లేచి కీర్తనలు చదువుతున్నాను. శుక్రవారం ఉపవాసం. పాస్టరుగారు చెబితే బైబిల్లో ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 4వ అధ్యాయం 6, 7 వచనాలు కంఠతా పట్టాను. చింతపడవద్దు అన్న వెంటనే అక్కడ కృతజ్ఞతతో విన్నపాలు తెలపమని ఉంది. నా ప్రార్థనంతా విన్నపాలేనని, కృతజ్ఞత లేదని అప్పుడు తెలిసింది. రెండు వారాలుగా రోజుకు మూడు మేళ్ళు నోటుబుక్కులో రాస్తున్నాను. రాసేటప్పుడు బాగుంటుంది, బస్సెక్కేసరికి మళ్ళీ అదే.

మొన్న మెదక్ చర్చికి వెళ్ళి గంటసేపు మౌనంగా కూర్చున్నాను. అంత ప్రశాంతత ఈ మధ్య ఎరగను. ఆ రాత్రి కూడా మూడింటికి మెలకువే.

విశ్వాసం తగ్గిందని కొందరంటున్నారు. నేనలా అనుకోవడం లేదు, దేవుడు నన్ను విడిచిపెట్టలేదు.

ఈ స్థితి దాటి వచ్చినవాళ్ళు చెప్పండి: రాత్రి మెలకువ వచ్చిన ఆ గంటలో మీరు ఎలా ప్రార్థించేవారు?