ట్యూనర్ ముల్లా, తంబురా నాదమా? గాంధారం దగ్గర ఎవరి మాట వినాలి?

మేముండేది చెన్నై తిరువాన్మియూర్‌లో. నలభై దగ్గరపడ్డాక వయొలిన్ మొదలుపెట్టాను, రెండేళ్లయినా ఇంకా జంట వరసల (తొలి పాఠాల) దగ్గరే ఉన్నాను. వీణకున్నట్టు మెట్లు ఉండవు కదా, వేలు వెంట్రుకవాసి జరిగినా అపస్వరమే. అందుకే ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టుకుని సాధన చేస్తున్నాను.

షడ్జమం, పంచమంతో గొడవ లేదు. చిక్కంతా మాయామాళవగౌళ రాగంలోని అంతర గాంధారంతోనే ("గ" స్వరం). తంబురాతో హాయిగా కలిసేచోట వేలు పెడితే యాప్ సుమారు 14 సెంట్లు (పియానోలో పక్కపక్క మెట్ల మధ్య దూరంలో నూరో వంతు ఒక సెంటు) తక్కువంటుంది. ముల్లును మధ్యకు తెస్తే చెవిలో గీరినట్టుంటుంది. యాప్ పియానో లెక్కన గాంధారాన్ని షడ్జమం నుంచి 400 సెంట్ల దగ్గర చూపిస్తుందట. శుద్ధంగా కలిసే 5:4 నిష్పత్తి దాదాపు 386 దగ్గర ఉంటుందట. ఇక గమకం వేస్తే (స్వరాన్ని ఊపితే) ముల్లుకు పూనకమే!

మాస్టారేమో "కళ్లతో కాదమ్మా, చెవితో వాయించు" అంటారు. ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు ఆ చెవే మోసం చేస్తోందేమోనని నా టెన్షన్.

ట్యూనర్‌ను తీగలు శ్రుతి చేసుకోవడానికే వాడి ఆపేయాలా? స్వరస్థానాలను మన పద్ధతిలో మార్చుకోగల యాప్ ఎవరైనా వాడుతున్నారా? రికార్డు చేసుకుని తర్వాత వినడం మీకు పనిచేసిందా?