ఆమ్‌స్టర్‌డామ్ జెండాలో మూడు ఇంటూలు, ఆమ్‌స్టెల్‌వేన్‌లో నాలుగు. ఎందుకని?

ఇక్కడి తెలుగు పిల్లలకి వచ్చే ఆదివారం ఆమ్‌స్టర్‌డామ్ జెండా గురించి చెప్పాలి. ఎరుపు, నలుపు, ఎరుపు అడ్డపట్టీలు, నడిమి నల్లపట్టీలో మూడు తెల్ల ఇంటూ గుర్తులు. వీధి అంచున పాతిన ఇనప గుంజల మీద కూడా అవే, ఒకదాని కింద ఒకటి.

టూర్ గైడ్‌ని అడిగితే మంటలు, వరదలు, ప్లేగు అన్నాడు. వినడానికి బాగానే ఉంది. కానీ పక్కనే ఉన్న ఆమ్‌స్టెల్‌వేన్ చిహ్నంలో నాలుగున్నాయి, ఆ నాలుగో ఉపద్రవం ఏమిటో మరి!

రెండు రాత్రులు డచ్ పేజీలు అనువాదం చేసుకుని చదివా. అవి సెయింట్ ఆండ్రూ శిలువలట. ఆయన ఏసు శిష్యుడు, జాలరి; ఇంటూ ఆకారపు శిలువ మీదే చంపారంటారు. 1280 ప్రాంతంలో ఊరిని ఏలిన పెర్సేన్ వంశపు చిహ్నం నుంచి వచ్చాయని ఇంకో వాదన. నగర చిహ్నంలో ఈ శిలువలున్న డాలు పైన కిరీటం 1489లో అప్పటి హాబ్స్‌బర్గ్ పాలకుడు మాక్సిమిలియన్ ఇచ్చిన హక్కు. కింది నినాదం, 'ధీరత్వం, దృఢనిశ్చయం, దయ' అని, నాజీలు యూదుల్ని పట్టుకెళ్లడాన్ని నిరసిస్తూ ఊరు చేసిన 1941 ఫిబ్రవరి సమ్మె గుర్తుగా 1947లో విల్‌హెల్మినా రాణి ఇచ్చింది. అన్నిటికీ తేదీలు దొరికాయి, ఆ మూడు అంకెకే ఆధారం దొరకలేదు.

డచ్ నగర చిహ్నాల సంగతి తెలిసినవాళ్లు చెప్పండి: శిలువల సంఖ్యకి అర్థం ఉందా, లేక పక్కపక్క ఊళ్ల చిహ్నాలు కలిసిపోకుండా పెట్టిన తేడా మాత్రమేనా?